వయసుకి వంద

గోదావరి నట్టనడుమ రేవు దాటించే పంటు ఆగిపోయి ఉంది, ఆ పంటు మీద ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలరు దర్జాగా కూర్చుని ఉంది, ఊక బస్తాలు ప్రయాణికుల్లా బెంచీల మీద వరసగా సర్దుకుని ఉన్నాయి, ఇందులో ఒక్కటీ తాతారావుకి వింతగా తోచడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ బాయిలరుని కనిపెట్టుకుని ఉన్న మనిషి, అది ఎక్కడుంటే అక్కడే డ్యూటీ అనుకుని తలగుడ్డ బిగించి ప్రెషరు గేజీ చూడబోతున్నాడు. అంతలో బాయిలరు వెనక నుంచి గన్నియ్య వస్తాడు. తాతారావు అక్కకి మొగుడు, పోయినేడు పక్షవాతంతో పోయిన గన్నియ్య, పోయిననాటి చేతుల బనీనుతోనే ఉన్నాడు, వంకరపోయిన మూతి మాత్రం తిన్నగా అయింది.

"ఏరా బామ్మర్దీ, మీ అక్క బాగుందా?"

"బానే ఉంది బావా. నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి? పైకెళ్ళలేదా?"

"ఎక్కడెళ్ళనిచ్చేరురా ఈళ్ళు!" అని గన్నియ్య బెంచీల వైపు చూపిస్తే, అవి బస్తాలు కావు, అందరూ వాళ్ళ వీధి మనుషులే, ఈ మధ్య నాలుగైదేళ్ళలో పోయినవాళ్ళు. ముందు బెంచీలో టైలరు అబ్బులు మెడలో టేపు వేసుకుని కూర్చుని, గన్నియ్య కొలతలు తీసుకుంటున్నట్టు ఎగాదిగా చూస్తున్నాడు.

"నీ బావ లెక్క నమ్మి బిళ్ళలు మానేసేం, ఇలా వచ్చేసేం. అది రద్దయ్యేదాకా పంటు కదలనివ్వం" అంటాడు అబ్బులు.

ఆ లెక్క సంగతి వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. మనిషి వయసుకి వంద కలిపితే ఎంతొస్తుందో ఆ మనిషికి ఉండాల్సిన బీపీ అంతే. గన్నియ్య టీ కొట్టు దగ్గర కూర్చుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు, ఎవరో పెద్ద డాక్టరు చెప్పాడనేవాడు, ఆ డాక్టరు ఊరు మాత్రం ఒక్కోసారి ఒక్కోటి అయ్యేది. అరవై ఆరో ఏట తనకి నూట డెబ్భై రెండు వస్తే, "ఆరే ఎక్కువ, అదీ పొద్దున్న కాఫీ వల్ల" అని తేల్చిపారేశాడు. మందూ మాకూ అక్కర్లేని లెక్క ఎవరికి చేదు?

ఇప్పుడు తాతారావుకి అరవై ఒకటి. క్లినిక్కులో నర్సు భారతి పట్టీ చుట్టి చూస్తే నూట అరవై నాలుగు. "మూడే ఎక్కువమ్మా, అదీ బాయిలరు వేడికి" అన్నాడు. "వయసు మీదపడేకొద్దీ పక్షవాతం ముప్పు ఎలాగూ పెరుగుతుంది బాబాయ్, వయసుని మనం ఆపలేం, బీపీనైతే ఆపగలం కదా" అని ఆ పిల్ల బిళ్ళలు చేతిలో పెట్టి పంపింది.

"ఆ లెక్క ఇంకా పట్టుకుని ఏలాడుతున్నోడివి నువ్వొక్కడివేరా" అంటున్నాడు గన్నియ్య.

"ఏలాడకేం చెయ్యను బావా? ఈధంతా వదిలేసినా నీ మాట నిలబెడుతున్నాను."

"నిలబెట్టకురా నాయనా, నీకు దణ్ణం పెడతాను! భారతిచ్చిన బిళ్ళ వేస్తున్నావా?"

"ఆయ్. రోజూ వేస్తున్నాను."

"ఎందులో?"

చచ్చినవాళ్ళకి అన్నీ తెలుస్తాయి కాబోలు. తాతారావు లుంగీ ముడి సర్దుకుంటాడు. రోజూ పొద్దున్న పెళ్ళాం పేరంటాలు అరచేతిలో పెట్టిన బిళ్ళని వేసుకున్నట్టే నటించి, లుంగీ ముడిలో దోపుకుని మిల్లుకెళ్ళి, ఊకతో పాటు బాయిలరు పొయ్యిలోకి విసిరేస్తున్నాడు. ఇవాళ్టికి పదకొండు రోజులు.

"దానికి బీపీ కుదుటపడే ఉంటది" అంటాడు అబ్బులు, బెంచీలన్నీ గొల్లుమంటాయి.

గన్నియ్య మాత్రం నవ్వడు. వంగి ఒక ఇటుక ముక్క తీస్తాడు, చూస్తుండగానే పంటు మిల్లైపోతుంది, మిల్లులోకి గోదావరి నీళ్ళు చీలమండల దాకా వచ్చి వెచ్చగా తగులుతున్నాయి. "ఈ బాయిలరు వయసెంతరా?"

"ముప్పై నాలుగు."

"అయితే దీని ప్రెషరుకి ముప్పై నాలుగు కలుపుకోవచ్చు" అని ఆ ఇటుకని తాడుతో సేఫ్టీ వాల్వుకి వేలాడదీస్తాడు. ఆవిరి ఎక్కువైతే వదిలేసే వాల్వు అది, దాని నోరు నొక్కితే బాయిలరు నిలువునా పేలుతుంది. గేజీ ముల్లు నూట అరవై నాలుగు దగ్గర వణికి, పైకి పాకుతుంది. తాతారావుకి ఒళ్ళు మండిపోతుంది. ఒకసారి వాల్వు ఊరికే కూస్తోందని తాడు కట్టినవాడిని, మిల్లు ఓనరు మేనల్లుడని కూడా చూడకుండా చెంప ఛెళ్ళుమనిపించిన చరిత్ర అతనిది.

"బుద్ధుందా బావా నీకు! పాతబడేకొద్దీ రేకు పలచబడద్ది, గొట్టాలు బిరుసెక్కుతాయి. అందుకే ఇనస్పెక్టరు వచ్చినప్పుడల్లా ప్రెషరు తగ్గించి రాసెళ్తాడు. పాతదానికి తగ్గిస్తారా, పెంచుతారా? తియ్యి ఆ ఇటుక!"

ముల్లు ఆగిపోతుంది. బెంచీల మీది వాళ్ళంతా ఒక్కసారి తాతారావు వైపు తిరుగుతారు.

"ఎవరి గురించిరా అంటున్నావు?" అంటాడు గన్నియ్య మెల్లగా.

"బాయిలరు గురించి."

"అంతేనా?"

తాతారావుకి ముప్పై ఏళ్ళ పనితనంలో నేర్చుకున్న మాట తన ఒంటికీ వర్తిస్తుందని ఇన్నాళ్ళూ తట్టనందుకు సిగ్గేస్తుంది, ఆ సిగ్గు వెనకాలే ఏడాదిగా దాచుకున్న మాట బయటికొస్తుంది. "బావా, ఆ రోజు నీ మూతి వంకరపోతే పసరు వైద్యుడి దగ్గరికి బండి మీద తీసుకెళ్ళింది నేను. ఆసుపత్రికి చేరేసరికి పొద్దుగూకింది. ఇంజక్షను ఇచ్చే సమయం దాటిపోయిందన్నారు. నేనే చంపేసేను బావా నిన్ను."

"ఛ, ఊరుకో. కుడిచెయ్యి లేవకపోతే, ఎడంచేత్తో నేనూ పసరాయన ఊరివైపే చూపించేను. ఇద్దరం ఇద్దరమేరా" అని గన్నియ్య ఇటుక తీసి నీళ్ళలో పారేస్తాడు. పంటు కదులుతుంది. జనం హమ్మయ్య అనుకుంటారు, అబ్బులు టేపు చుట్టి జేబులో పెట్టుకుంటాడు, తాతారావు మాత్రం ఎలా దిగాడో రేవులో ఉన్నాడు. గన్నియ్య పంటు మీది నుంచి వంగి అతని ఎడమ చెయ్యి పట్టుకుని వదలడు, గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కుతాడు, పంటు దూరమవుతున్నా ఆ పట్టు వదలదు.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం, అన్నానికి ఇంటికొచ్చి నడుం వాల్చిన అరుగు మీది నవారు మంచం. ఎడమ చెయ్యి లేదు. ఉంది గానీ తనది కాదు.

"పేరంటాలూ! చెయ్యి పోయిందే!"

పేరంటాలు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది, ఒక చేత్తో ఫోను తీసింది. "నూట ఎనిమిదికి చేస్తున్నాను. ఈసారి పసరూ గిసరూ అన్నారంటే ఊరుకోను. రెండు చేతులూ ఎత్తండి! నా పేరు చెప్పండి! నవ్వండి!"

చేతులెత్తాడు. రెండూ లేచాయి. "పేరంటాలు" అన్నాడు. నవ్వాడు.

"తిన్నగానే ఉన్నట్టుంది. మీరెప్పుడైనా నవ్వి చస్తే కదా తెలియడానికి!"

అంతలో చేతిలో చీమలు పాకినట్టయి వేళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కిందంతే. పేరంటాలు ఫోను కట్టేసి పకపకా నవ్వింది, నవ్వుతూనే మంచం పట్టె మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఆ రోజు అన్నయ్యగారికి ఒక్క చెయ్యే లేచిందండీ" అంది.

తాతారావు ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. "ఇవాళ్టి బిళ్ళ ఇవ్వవే."

"పొద్దున్న వేసుకున్నారుగా?"

"బాయిలర్లో వేసేను. పదకొండు రోజుల్నుంచీ."

పేరంటాలు చెంబుతో నీళ్ళూ, బిళ్ళా తెచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడి, "నోరు తెరవండి, నాలికెత్తండి" అని లోపలికి తొంగి మరీ చూసింది. "పదండి, భారతికి చూపించుకుందాం" అని చీర మార్చుకోవడానికి లోపలికెళ్ళింది.

ఎడమ మణికట్టు మీద నవారు అచ్చు నాలుగు వేళ్ళతో పట్టినట్టు ఎర్రగా పడి ఉంది. అది మంచం అచ్చేనని తాతారావుకి తెలుసు. అయినా అది చెరిగిపోకుండా, చెయ్యి కదపకుండా, పేరంటాలు పిలిచేదాకా అలాగే కూర్చున్నాడు.