గొంతు తీసేసిన ఆల్బమ్

జర్మనీలోని కెమ్నిట్స్ ఊళ్లో మూతపడిన మేజోళ్ల మిల్లు పై అంతస్తులో ముగ్గురు స్నేహితులు తమ తొలి ఆల్బమ్ రికార్డు చేయడానికి సిద్ధమయ్యారు. ఫాల్కోది గిటారు, వీబ్కెది డ్రమ్స్. అన్స్‌గార్ బేస్ గిటారు వాయిస్తూ పాడేవాడు. పాటలు రాసేదీ అతనే. సరిగ్గా ఆ వారమే అతని గొంతులో లేచిన చిన్న గడ్డకు ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు నోరు మెదపకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది.

వాయిదా వేస్తే ఆ గది మళ్లీ వచ్చే చలికాలం దాకా దొరకదు.

“ముందు వాయిద్యాలు కానిచ్చేద్దాం. నీ పాట తర్వాత కలుపుకుందాం,” అన్నాడు ఫాల్కో.

అన్స్‌గార్ తలూపాడు.

“పుట్టాక మొదటిసారి ఎదురు చెప్పలేదు వీడు. ఆ డాక్టరమ్మకి పూలు పంపించాలి,” అంది వీబ్కె. అన్స్‌గార్ ఆమె డ్రమ్ పుల్ల లాక్కుని ఆమె మీదికే విసిరాడు.

పాట లేకపోయేసరికి ఎక్కడ ఆగాలో తెలియలేదు. చరణం ముగిసే చోట ఆగకుండా ముందుకు పోయారు. ఒక్కో బాణీ సన్నగా మొదలై, కిటికీ అద్దాలు అదిరేదాకా పెరిగి, మళ్లీ ఒక్క తీగ మీదికి దిగేది.

వసంతానికి అన్స్‌గార్ గొంతు బాగుపడింది. ఆ బాణీల మీద పాటలన్నీ ఇంట్లోనే పాడి రికార్డు చేశాడు. ముగ్గురూ కూర్చుని విన్నారు.

“ఎలా ఉంది?” అని అడిగాడు అన్స్‌గార్.

“బావుంది,” అన్నాడు ఫాల్కో, కాఫీ కప్పులోకి చూస్తూ.

“నువ్వు చెప్పవే,” అన్నాడు అన్స్‌గార్, వీబ్కెతో.

“పాడింది బానే ఉందిరా. కాకపోతే మనం ముగ్గురం మాట్లాడుకుంటుంటే మధ్యలో ఎవడో వచ్చి దూరినట్టుంది.”

అన్స్‌గార్ తన గొంతు వినిపించకుండా చేసి, మొదటి నుంచి మళ్లీ విన్నాడు.

“తీసెయ్యండి,” అన్నాడు చివరికి.

“అన్నాళ్లు కూర్చుని రాశావు కదరా,” అన్నాడు ఫాల్కో.

“రాశాను. అయితే ఏం చెయ్యమంటావ్? తీసెయ్.”

ఆ సాయంత్రం అతను వాళ్లతో బీరుకు వెళ్లలేదు. మర్నాడు మామూలుగానే వచ్చాడు.

ఆకులు రాలే కాలానికి ఆల్బమ్ వచ్చింది. తొలి కచేరీకి అన్స్‌గార్ తల్లి ముందు వరసలో కూర్చుంది.

“నువ్వెప్పుడు పాడతావా అని చూస్తూనే ఉన్నా,” అంది అయిపోయాక.

“ఇందులో పాటలు లేవమ్మా.”

“గొంతు మళ్లీ నొప్పి పెట్టిందా?”

“లేదు, బానే ఉంది.”

ఆమె కొడుకు ముఖంలోకి కాసేపు చూసింది. “సరేలే. ఇక్కడ తినడానికేమైనా దొరుకుతుందా?”

ఇద్దరూ వీధి చివర సాసేజ్ బండి దగ్గరికి నడిచారు.