తాబేళ్ళు తేలిన చోటు

గండయ్యను కొట్టినప్పుడు చెరువు కట్ట మీద సగం ఊరు నిలబడి ఉంది. నిలబడి ఉంది, అంతే. మధుసూదన్ కొడుకు అన్వేష్ వెదురు కర్రతో వీపు మీద, పిక్కల మీద, చివరికి నోటి మీద కొడుతుంటే ఒక్కడూ అడ్డం పోలేదు. చేపలు పట్టి బతికే గండయ్య చేసిన తప్పల్లా చెరువులో మట్టి పోయడానికి వచ్చిన టిప్పర్ ముందు అడ్డంగా పడుకోవడం.

"చెరువు నీ అయ్యదారా?" అని అరిచాడు అన్వేష్.

"మా అయ్యది గాదు, నీ అయ్యది గాదు. చాపలది," అన్నాడు గండయ్య రక్తం ఉమ్మి. సమయం సందర్భం చూసుకుని నోరు మూసుకోవడం ఆ మనిషికి పుట్టుకతోనే రాలేదు.

మర్నాడు సాయంత్రం మధుసూదన్ కబురు పంపాడు, జరిగిందేదో జరిగింది, కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని. శామీర్‌పేట నుంచి అత్వెల్లి దాకా సగం భూములు ఆయన చేతి మీదుగానే ప్లాట్లయ్యాయి. మండలంలో ఏ పదవి ఎవరికి దక్కాలన్నా ఆయన ఊ అనాలి. అంతటివాడు రమ్మంటే పోకపోవడం మర్యాద కాదనుకుని, గండయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వాచిన పెదవితోనే చెరువు ఒడ్డునే ఉన్న ఆయన ఫాంహౌస్‌కు పోయాడు. తిరిగి రాలేదు.

"మాట్లాడి పంపినం. ఏడికి పోయిండో మాకేమెర్క?" అన్నారు అక్కడివాళ్ళు. రెండో రోజుకల్లా సూరారంలో గండయ్యకు ఎవరో ఆడమనిషి ఉందని, అక్కడికే పోయాడని ఊరంతా పాకించారు. పోలీసులు దరఖాస్తు తీసుకుని, మనిషో శవమో ఏదో ఒకటి కనబడాలి కదమ్మా అన్నారు. గండయ్య పెళ్ళాం మైసమ్మకు ఒళ్ళు మండిపోయింది. సూరారంలో ఆడదట! ఒంటి నిండా చేపల వాసనతో, ఇల్లెగిరిపోయే గురకతో ఉండే ఆ మనిషిని పెళ్ళైన నాటినుంచి తిట్టుకుంటూ భరించింది తనొక్కతే. ఇంకొకతె కూడానా?

చంపేశారని ఆమెకు తెలుసు. ఎక్కడ పడేశారో తెలియాలి. మట్టి చేసి సాగనంపడానికి శవంగానైనా మనిషి కావాలి. ఆ తండ్రీకొడుకుల గొంతు పట్టుకోవడానికీ మనిషే కావాలి. ఇక ఆమె బతుకులో మిగిలిన పని అదొక్కటే.

అందుకే ఆమె ఫాంహౌస్‌లో అంట్లు తోమే పని మానలేదు. మొగుణ్ణి మింగినవాళ్ళ పళ్ళాలు తోముతున్నదని కట్ట మీది ఆడవాళ్ళు ముఖం మీదే అన్నారు. అననీ అనుకుంది. చెరువు దిక్కు చేపలు పట్టేవాళ్ళను ఎవరినీ రానివ్వకుండా కంచె వేసి కాపలా పెట్టారు. అంట్లు తోమే దానికి తప్ప ఆ గేటు ఎవరికీ తెరుచుకోదు. మధుసూదన్ రోజూ పొద్దున ఎదురుపడి, "పరేషాన్ గాకు మైసమ్మా, వస్తడు తియ్," అనేవాడు. ఆమె తల ఊపేది. ఊపి, లోపలికి పోయి గిన్నెలను సొట్టలు పడేట్టు తోమేది.

ఆ ఇంట్లో ఆమెతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది కొత్త కోడలు ప్రణీత ఒక్కతే. పెళ్ళై రెండు నెలలు కాలేదు. అది రెండువేల ఏడు. వెస్టిండీస్‌లో ప్రపంచ కప్ జరుగుతున్నదని అన్వేష్ హనీమూన్‌ను కూడా అక్కడే, బార్బడోస్ అనే ద్వీపంలో పెట్టుకున్నాడు. ఇండియా ఆడే మ్యాచ్ చూడాలని ముందే టికెట్లు తీసుకున్నాడు. మనవాళ్ళు మొదటి రౌండులోనే ఓడిపోయి ఇంటికొచ్చేశారు. పెళ్ళికొడుకు ముఖం మాడ్చుకుని హోటల్ గదిలో సీసాలు ఖాళీ చేస్తూ కూర్చుంటే, పెళ్ళికూతురు ఒంటరిగా పడవెక్కి సముద్రంలోకి పోయింది.

"తాబేళ్ళతోని ఈదిన మైసమ్మా. ఒక్కొక్కటి గీ టేబులంత ఉంది," అని చేతులు చాపి చూపించింది ప్రణీత ఆ పొద్దున. కళ్ళకు పెట్టుకునే అద్దాల తొడుగు, నోట్లో పెట్టుకునే గొట్టం కూడా తెచ్చి చూపించింది. "మొఖం నీళ్ళల్ల పెట్టి తేలుడే. గొట్టంల నుంచి గాలి వస్తనే ఉంటది. కింద పాత ఓడ మునిగి ఉంటది, తాబేళ్ళన్ని ఆడనే తిరుగుతయ్."

"అంత పెద్ద సముద్రముల ఆడనే ఎందుకుంటయమ్మా?" అని అడిగింది మైసమ్మ, ఏదో ఒకటి అడగాలని.

"పడవోళ్ళు దినాం చాప ముక్కలు ఏస్తరు. తిండి ఏడుంటే ఆడికి రావా? మన చెరువుల తాబేళ్ళు ఏడుంటయ్? నాకు చూపిస్తవా?"

మైసమ్మ చేతిలోని గిన్నె జారి బండ మీద పడింది. చెరువులో తాబేళ్ళు ఎప్పుడూ అవతలి ఒడ్డున బండల దగ్గర ఉంటాయి. సముద్రంలో ఉండే సాధు జీవాలు కావవి. మెత్తటి వీపు, పొడుగు మూతి, చచ్చినదాన్ని పీక్కుతినే రకం. ఈ వారం రోజులుగా బండల మీద ఒక్కటీ లేదు. వాటి మూతులన్నీ ఇటువైపు, ఫాంహౌస్ వాళ్ళు మట్టి పోసి పెంచిన గట్టు కొసన, నీళ్ళ మీద తేలి మునుగుతున్నాయి. ఆమె రోజూ చూస్తూనే ఉంది. చూసి, మట్టి పోయడానికి భయపడి ఇటొచ్చాయేమో అనుకుంది. భయపడినవి మట్టి దగ్గరికే వస్తాయా? తన తెలివి తెల్లారినట్టే ఉందని తల బాదుకుంది. పెరటి వెనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏడ్చి వచ్చాక లెక్క సరిచూసుకుంది. ఆదివారం ఫాంహౌస్‌లో ప్లాట్లు కొనేవాళ్ళకు దావత్ ఉంది. చెరువు అందంగా కనబడాలని టిప్పర్లు ఆపారు. సోమవారం మళ్ళీ మొదలైతే ఆ చోటు మట్టి కిందికి పోతుంది, గండయ్యతో సహా. తను ఒక్కతే పోయి చూసి అరిస్తే ఎవరు నమ్ముతారు? తనను కూడా అక్కడే తొక్కేస్తారు. ఆ ఇంటి కోడలే చూసి చెబితే? సొంత కోడలిని వాళ్ళేం చేస్తారు? పరువుగల ఇల్లు. గరీబు ఆడదాన్ని కొట్టే చెయ్యి ఇంటి కోడలి మీద లేవదు. మైసమ్మ అట్లా అనుకుంది. పెద్దిళ్ళలో ఆడవాళ్ళకు దెబ్బలుండవని పేదవాళ్ళకు ఒక నమ్మకం, పాపం.

"ఆదివారం జూపిస్త పా అమ్మా," అంది.

ఆదివారం మధ్యాహ్నం షామియానా కింద మటన్, మందు, పట్నం నుంచి వచ్చిన కార్లు. కోడలు చెరువులో ఈదుతానంటే అన్వేష్ కస్సుమన్నాడు గానీ, అతిథుల ముందు మధుసూదన్ నవ్వేశాడు. "పోనియ్ రా. ఫారిన్ల ఈదొచ్చిన పిల్ల. మైసమ్మా, అవతలి బండల కాడికి తీస్కపో, జర పైలం."

థర్మాకోల్ తెప్ప మీద ప్రణీతను కూర్చోబెట్టి, మైసమ్మ గడకర్రతో బండల వైపే తోసింది. షామియానాలో చూపులన్నీ మళ్ళీ ప్లేట్లలోకి దిగాక తెప్పను తిప్పింది. మట్టి గట్టు కొసకు చేరేసరికి వెనకనుంచి అన్వేష్ కేక వినబడింది.

"అటెందుకే? ఏయ్! అటు గాదు!"

"ఇగ దిగు అమ్మా, జల్దీ. ఈడనే ఉన్నయ్," అంది మైసమ్మ.

ప్రణీత అద్దాలు పెట్టుకుని, తెప్ప తాడు పట్టుకుని నీళ్ళలోకి జారింది. ముఖం ముంచింది. గొట్టం కొస ఒక్కటే పైకి కనబడుతున్నది. అన్వేష్ గట్టు వెంబడి పరుగెత్తి వస్తున్నాడు. మైసమ్మ ఆ గొట్టం వంకే చూస్తూ, తల్లీ చూడు, చూడు, చూడు అని మనసులో మొత్తుకుంది.

ప్రణీత ఒక్కసారిగా లేచింది. గొట్టం ఊడిపోయింది. తెప్ప అంచు పట్టుకుని వాంతి చేసుకుంది. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని మైసమ్మను చూసింది.

"నువ్వు... ఇందుకే తెచ్చినవా నన్ను?"

 మైసమ్మ ఆ చూపు ముందు తలెత్తలేకపోయింది.

అన్వేష్ అప్పటికే గట్టు కొసన నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. మట్టి సర్దే పార ఒకటి అక్కడ పడి ఉంటే చేతికి తీసుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఏం జూసినవ్? తాబేళ్ళే గద. నవ్వుకుంట ఇంట్లకు నడువ్."

ప్రణీత అతని వంక చూసింది, పార వంక చూసింది. తర్వాత షామియానా వైపు తిరిగి, గొంతు చిరిగేలా అరిచింది.

"గండయ్య ఉన్నడు! కింద గండయ్యను రాతి కడీకి కట్టి ముంచిండ్రు! చూడుండ్రి, అందరు రాండ్రి!"

పార వెనక భాగం ఆమె చెవి పైన పడింది. తడి బట్టను బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. ఆమె చెయ్యి తాడును వదిలేసింది. ఒడ్డున ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మధుసూదన్ కేక అన్నిటికంటే గట్టిగా వినబడింది. "కొట్టకురా! అందరు జూస్తుండ్రు!" కొట్టకు అన్నాడు సరే, ఎందుకు వద్దో కూడా చెప్పాడు మహానుభావుడు.

మైసమ్మ దూకింది.

కింద నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. తాబేళ్ళు చెదిరిపోయాయి. ఎడమ పక్కన కంచెకు పాతే రాతి కడీ, దానికి చుట్టిన బైండింగ్ వైరు, ఆ వైరులో గండయ్య. ముఖం లేదు. గళ్ళ లుంగీ ఉంది, ఆమె కుట్టిన అంచు ఉంది. కుడి పక్కన ప్రణీత, జుట్టు విడిపోయి, వెనక ఎర్రటి పొగ వదులుతూ మెల్లగా దిగిపోతున్నది. ఇద్దరూ చేతికందే దూరంలోనే ఉన్నారు. ఇప్పుడు వదిలితే గండయ్య మళ్ళీ దొరకడు, వీళ్ళు దొరకనివ్వరు. ఆ సంగతి ఆమెకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. గండయ్య వైపు ఒక్కసారి చూసి, ప్రణీత జుట్టు పట్టుకుని పైకి తన్నుకుంది.

తల నీళ్ళు దాటగానే రెండో దెబ్బ మైసమ్మ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. మూడో దెబ్బకు పార లేచేలోగా ఆమె తేలుతున్న గడకర్రను బాగున్న చేత్తో అందుకుని, ఇన్నాళ్ళూ గిన్నెల మీద తీర్చుకున్న కోపమంతా కూడదీసి, అన్వేష్ పొట్టలో పొడిచింది. అతను వెనక్కి పడి బురద మింగాడు. ఇంకోసారి పొడిచింది, ఈసారి పళ్ళ మీద. ఇంకా పొడిచేదే, చంపేదే, విరిగిన వైపు చంకకు ఆనించుకున్న పిల్ల బరువు పెరిగిపోకపోతే. కర్ర వదిలేసి, బాగున్న చేత్తో పిల్లను పట్టుకుని కాళ్ళతో తన్నుకుంటూ, ఫాంహౌస్ వైపు కాకుండా ఊరి కట్ట వైపు పోయింది. ఆ రోజు నిలబడి చూసిన సగం ఊరూ కేకలు విని కట్ట మీదికి చేరింది. ఈసారి మాత్రం నీళ్ళలోకి దిగి చేతులు చాచారు.

ట్రాలీ ఆటోలో ఆస్పత్రికి పోతుంటే ప్రణీత మైసమ్మ చెయ్యి వదల్లేదు. అందుకే మైసమ్మ గండయ్యకు కాపలాగా కట్ట మీద ఉండలేకపోయింది. ఆ రాత్రికి రాత్రి టిప్పర్లు వచ్చాయి. అడ్డం పోయిన ఇద్దరు జాలరుల తలలు పగిలాయి. తెల్లారేసరికి గట్టు కొసన నీళ్ళు లేవు, మట్టి ఉంది.

ఆ వార్త చెప్పినప్పుడు మైసమ్మ ఏడవలేదు. ప్రణీత మంచం పక్కన కట్టుకట్టిన భుజంతో కూర్చుని ఉంది. ప్రణీతకు తల మీద కుట్లు, ఎడమ చెవి ఇక వినబడదన్నారు.

"నిన్ను నేనే ఎర జేసిన బిడ్డా," అంది మైసమ్మ. "నిన్నేం జెయ్యరనుకున్న. నీ ఇంటోళ్ళే గద అనుకున్న. నా కండ్లు పొడుసుకున్నా తక్కువే."

ప్రణీత బాగున్న చెవి ఇటు తిప్పింది. "నాకు మస్తు కోపమచ్చింది నీ మీద. ఇప్పటికీ ఉంది," అంది మెల్లగా. "మ్యాచ్ ఓడిపోయిన నాడు ఆ హోటల్ల అందరి ముంగట నన్ను కొట్టిండు. ఒక్కరు లేవలే. అందుకే ఒక్కదాన్ని సముద్రంలకు పోయిన. నువ్వు మీ ఆయనను ఇడిసిపెట్టి నా కోసం వచ్చినవ్. గది గూడ మర్సిపోను."

పోలీసులు అడిగినప్పుడు ప్రణీత ఏదీ దాచలేదు. దావత్‌కు వచ్చినవాళ్ళు మేమేం చూడలేదని నీళ్ళు నమిలారు గానీ, ఆ ఇంటి కోడలి మాటను మైసమ్మ దరఖాస్తులా కొట్టిపారేయడం ఎవరివల్లా కాలేదు. అన్వేష్‌ను పట్టుకుపోయారు. తహసీల్దారు సమక్షంలో మట్టి తవ్వించాలన్నారు.

తవ్వే రోజు ప్రణీత తలకు కట్టుతోనే వచ్చి, గట్టు మీద నడిచి, ఒకచోట ఆగి "ఈడ" అని చూపించింది. మధుసూదన్ తెల్ల చొక్కాలో వచ్చాడు. ఆమె పక్కకు చేరి, వినబడని చెవి వైపే నిలబడి ఏదో బతిమాలాడు. వినబడలేదని తెలిసి ఇటు వచ్చాడు. "ఇంట్లకు రా బిడ్డా. మనింటి మాట మనింట్లనే తెంపుకుందాం."

"ఆయనను గూడ ఇంట్లకు పిలిచే గద సంపిండ్రు," అంది ప్రణీత. మధుసూదన్ చుట్టూ ఉన్న నలుగురినీ చూసి వెనక్కి జరిగాడు.

మిషిన్ మధ్యాహ్నం దాకా తవ్వింది. ఎర్ర మట్టి పోయి నల్ల బురద వచ్చింది. బురదలో గళ్ళ గుడ్డ కనబడగానే డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు.

మైసమ్మ గుంతలోకి దిగింది. "ఇగ మిషిన్ వద్దు. ముక్కలైతడు. నేను చేతుల్తోని తీస్త," అంది. మోకాళ్ళ మీద కూర్చుని బాగున్న చేత్తో బురద తోడసాగింది. "ఒచ్చిన గండయ్యా. ఆ రోజు నిన్ను ఇడిసి పోయిన, కోపం పెట్టుకోకు. ఆ పిల్లకు పానముండె," అంటూ తోడుతున్నది. ఒక్క చేత్తో బురద ఎంత తోడినా మళ్ళీ జారి వచ్చి నిండుతున్నది.

ప్రణీత చెప్పులు విడిచి గుంతలోకి దిగింది. దిగుతూనే వాసనకు వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మైసమ్మకు ఎదురుగా కూర్చుని రెండు చేతులూ బురదలో పెట్టింది. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరే తోడారు.