శౌరమ్మ ఆగిన చోటు

పొద్దున్నే పాలు పొంగకముందే స్టవ్ కట్టేయడం, కాఫీ కలపడం, రెండు గ్లాసుల్లో పోసి ఒకటే తాగడం, ఆ తర్వాత సీడీ ప్లేయరు మీట నొక్కడం. గుణదలలో, కొండకి ఇవతలి సందులో, మేడ మీది వాటాలో ఒక్కడే ఉండే మరియదాసుకి తెల్లవారడమంటే ఇదే. రెండో గ్లాసు చల్లారిపోయాక తీసుకెళ్ళి కరివేపాకు కుండీలో పోస్తాడు.

"దానికి కాఫీ అలవాటు చేసి చంపుతున్నారు బాబాయ్ గారూ" అంటుంది కింది వాటా నాగలక్ష్మి, రోజూ. ఆయన రోజూ నవ్వుతాడు. చాలా రోజులు ఆ నవ్వుతోనే మనుషులతో పని అయిపోతుంది ఆయనకి.

సీడీలో పాడేది ఆయన భార్య శౌరమ్మ. మేరీమాత తిరునాళ్ళకని చర్చి కోయిర్ వాళ్ళు స్టూడియోకి వెళ్ళి పాడితే తీసిన సీడీ అది. అప్పటికామెకి నలభై కూడా నిండలేదు. ఆమె పోయి పదేళ్ళు దాటింది. మనిషి పోయింది గానీ సీడీలో గొంతుకి మాత్రం ఏటేటా వయసొస్తూనే ఉంది. గంట మోగినట్టుండే గొంతు కాస్త బరువెక్కింది. ఈమధ్య పైకి వెళ్ళినప్పుడు సన్నగా వణుకుతోంది కూడా. సందులో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. వయసొస్తే గొంతు మారదా ఏంటి!

వానలు మొదలయ్యాయంటే సీడీలో ఆమెకి జలుబు చేసేది. ఆ రోజు నాగలక్ష్మి మిరియాల కషాయం కాచి మెట్లెక్కి వచ్చేది.

"పిన్నిగారి గొంతు బొంగురుపోయింది. వేడిగా ఉండగానే తాగేయండి."

"జలుబు ఆవిడకి, కషాయం నాకా?"

"మరి ఆవిడకెలా పట్టమంటారు? మొగుడూ పెళ్ళాలు కదా, ఎవరు తాగితే ఏంటి?"

తాగేవాడు. సాయంత్రానికల్లా గొంతు తేటపడేది.

ఆ పాటలో తాళాలు వేసింది మరియదాసే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో టర్బైన్ల పక్కన పనిచేసీ చేసీ ఒక చెవి వాటికే ధారపోశాడు. అందుకని ఆయన తాళం ఎప్పుడూ ఓ క్షణం ఆలస్యంగా పడేది. కోయిర్లో మిగతావాళ్ళు పళ్ళు నూరుకునేవాళ్ళు. శౌరమ్మ మాత్రం మూడో చరణం ముందు ఊపిరి పీల్చుకుని, ఆయన తాళం పడేదాకా ఆగి, అప్పుడందుకునేది. ఆమెని మట్టి చేసి వచ్చిన రోజున ఆయన ఆ కంచు తాళాల్ని పాత చీరముక్కలో చుట్టి అటక మీద పడేశాడు. సీడీలో కూడా ఆ రోజు నించే తాళం వినపడడం మానేసింది. మూడో చరణం ముందు ఆమె ఆగుతుంది, కాసేపు చూస్తుంది, సరేలే అన్నట్టు తనే అందుకుంటుంది.

ఈ వేసవిలో పాట తడబడడం మొదలైంది. 'రేవు' అన్న మాట దగ్గర "రే... రే... రే..." అని ఆగిపోయేది. నాగలక్ష్మి చేతిలో చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్ గారూ, పిన్నిగారికి మాట పడిపోతోంది. పక్షవాతం కాదు కదా?"

మరియదాసు డిస్కు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. పాత అద్దం వెనక పూత ఊడినట్టు అక్కడక్కడా వెలుతురు ఇవతలికి వస్తోంది. ఆయనకి పిల్లల్లేరు. ఉన్నది ఈ గొంతొక్కటే. ఇది కూడా పోతే ఇంక ఈ ఇల్లెందుకు, ఈ రెండు గ్లాసులెందుకు? గన్నవరం దగ్గర సిస్టర్లు నడిపే ఆశ్రమానికి ఫోన్ చేసి, మంచం ఖాళీ అయితే చెప్పమన్నాడు. అయినా ప్రాణం ఒప్పక, డిస్కుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని గవర్నర్‌పేట బస్సెక్కాడు.

అక్కడ బెన్నీ అనే అతనికో చిన్న షాపుంది. ఒకప్పుడు విజయవాడలో సగం పెళ్ళిళ్ళ క్యాసెట్లూ సీడీలూ అతని దగ్గరే కాపీ అయ్యేవి. ఇప్పుడు ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నాడు. డిస్కు చూసి నాలుక చప్పరించాడు.

"ఆంటీకి సీరియస్‌గానే ఉంది అంకుల్. ఇప్పుడెవరూ సీడీలు చేయించట్లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేస్తాను, పట్టుకెళ్ళండి. కుదించి ఎక్కిస్తే అరచేతిలో పడుతుంది."

కుదించడం అన్న మాట మరియదాసుకి నచ్చలేదు. అయినా ఎక్కించుకుని పట్టుకొచ్చాడు. నాగలక్ష్మి టీవీకి పెట్టి విన్నారు. ఎక్కడా తడబాటు లేదు, పాట నున్నగా సాగింది. ఆయన చెవి మీద ఆయనకి నమ్మకం లేదు, నాగలక్ష్మి మొహం కేసి చూశాడు. ఆవిడ టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. వారం పోయాక ముసురు పట్టింది. సందంతా దగ్గుతోంది. పెన్‌డ్రైవ్‌లో గొంతు మాత్రం ఎక్కించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇది పిన్నిగారు కాదండీ, పిన్నిగారి ఫొటో" అంది నాగలక్ష్మి చివరికి. "ఫొటోకి జలుబు చేయదు."

మళ్ళీ గవర్నర్‌పేట. ఈసారి బెన్నీ అరచెయ్యంత పలచటి సీడీ రైటరూ, చౌకరకం డిస్కులూ ఇచ్చాడు. "మీ ఇంట్లోనే చేసుకోండి అంకుల్, కాఫీ తాగేలోపు అయిపోతుంది" అన్నాడు. నాగలక్ష్మి ల్యాప్‌టాప్ ఇచ్చింది, పాత డిస్కు నించే కాపీ చేశారు. అన్నట్టే కాఫీ తాగేలోపు అయిపోయింది. డిస్కులో శౌరమ్మ ప్రాణంతోనే ఉంది గానీ, కొండ మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి వచ్చి పాడినట్టుంది. ఒక్కో మాటకీ ఆయాసం. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఉన్న ఆయాసమే అది.

"ఆపేయండి బాబాయ్ గారూ. నేను వినలేను" అని నాగలక్ష్మి కొంగుతో మొహం కప్పుకుంది.

మూడు పూటలు గడిచాయో లేదో ఆ డిస్కులో గొంతు ఆగిపోయింది. ఏ యంత్రంలో పెట్టినా మూగదే. మరియదాసు ఎవరికీ చెప్పకుండా దాన్ని కరివేపాకు కుండీలో, వేళ్ళ పక్కన పూడ్చి, ఓ కొవ్వొత్తి వెలిగించాడు. భార్యని రెండోసారి మట్టిలో పెట్టడం అంటే ఏమిటో పగవాడికి కూడా తెలియకూడదు. ఆ రోజు ఆయన అన్నం వండుకోలేదు.

డిస్కు మూగబోయిందని విన్నాక బెన్నీ షాపు షట్టరు సగం దించి, పైనున్న సామానంతా కిందికి లాగాడు. అడుగున ఇటుకంత బరువున్న పాత సీడీ రైటరు దొరికింది.

"తప్పు నాదే అంకుల్. తొందరపడి చౌకది ఇచ్చాను. ఇది చూశారా, బరువు. డిస్కు తిరుగుతుంటే కదలదు. మెల్లగా చదువుతుంది. అనుమానం వచ్చిన చోట వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ చదివి, రెండుసార్లూ ఒకేలా వస్తేనే ముందుకెళ్తుంది. డిస్కు కూడా మంచి కంపెనీది పాత స్టాకులో ఒక్కటే మిగిలింది. కాకపోతే..."

"కాకపోతే?"

"అన్నిసార్లు తిప్పితే మీ పాత డిస్కు తట్టుకోదు. ఇదే చివరిసారి. ఇంకోటి, ఇందులోకి ఆంటీ ప్రాణంతో వచ్చిందే అనుకోండి, వయసూ వెంటే వస్తుంది. రేపో మాపో పెద్దావిడ అవుతుంది. ఏదో ఒకరోజు... పెన్‌డ్రైవ్‌లోదైతే ఎప్పటికీ అలాగే ఉంటుంది కదా."

మరియదాసు ఆ ఇటుకలాంటి యంత్రాన్ని చేత్తో నిమిరాడు.

"నేను ముసలాణ్ణైపోయి, ఆవిడ అలాగే ఉండిపోతే అదేం కాపురం బాబూ? ఇదే పెట్టు."

ఆదివారం పూజ అయ్యాక బెన్నీ కంప్యూటర్నీ రైటర్నీ స్కూటర్ మీద కట్టుకుని ఇంటికొచ్చాడు. బల్ల మీద మడత పెట్టిన దుప్పటి పరిచి దాని మీద పెట్టాడు. దుమ్ము లేస్తుందని ఫ్యాను కట్టేశారు. నాగలక్ష్మి సందులో పిల్లల్ని కేకలేసి గోల మాన్పించింది. రైటరు చదువుతోంది. ఒకచోట ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టి, 'రేవు' దగ్గర గంట సేపు కొట్టుకుంది. మరియదాసు ఆపరేషన్ థియేటర్ బయట కూచున్నట్టు గుమ్మంలో కూచుని జపమాల తిప్పుతున్నాడు.

"అంకుల్, ఒక్కసారి ఇటు రండి" అని పిలిచాడు బెన్నీ. తెర మీద పాట గీతలు గీతలుగా కనిపిస్తోంది. మధ్యలో ఒకచోట ఏ గీతా లేదు. "మూడో చరణం ముందు ఇక్కడంతా ఖాళీ. డిస్కు పాడైపోయిన చోటులా ఉంది. కోసేసి అతికించేయనా? పాట ఎక్కడా ఆగకుండా వస్తుంది."

"కోయకు!" అన్నాడు మరియదాసు, ఆ గొంతు అంత పెద్దగా లేవడం నాగలక్ష్మి ఎప్పుడూ వినలేదు. "అది పాడైన చోటు కాదయ్యా. నాకోసం ఆగిన చోటు."

బెన్నీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఖాళీని ఉన్నదున్నట్టు ఉంచి, మొత్తం పాటని నెమ్మదిగా కొత్త డిస్కు మీదికి ఎక్కించాడు. పాత డిస్కుని ఇంకోసారి పెట్టి చూస్తే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మరియదాసు దాన్ని ముద్దు పెట్టుకుని బైబిల్లో దాచాడు.

కొత్త డిస్కు ప్లేయర్లో పెట్టి మీట నొక్కారు. శౌరమ్మ పాడింది. వణుకుంది, బరువుంది, యాభై దాటిన మనిషి గొంతే అది, కానీ తడబాటు లేదు, ఆయాసం లేదు. పెదాలు విడిపడే చప్పుడు కూడా తెలుస్తోంది. "హమ్మయ్య, తేరుకున్నారు" అంది నాగలక్ష్మి. ఒక చరణం అయింది. రెండోదీ అయింది. శౌరమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆగింది.

ఆగి, అలాగే ఉండిపోయింది.

"హ్యాంగ్ అయిందా?" అని వంగి చూశాడు బెన్నీ. ప్లేయరు మీద అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. స్పీకర్లో సన్నగా ఊపిరి వినపడుతూనే ఉంది.

"హ్యాంగూ లేదు, గీంగూ లేదు" అంది నాగలక్ష్మి నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఆవిడకి విసుగొచ్చింది. పదేళ్ళుగా సర్దుకుపోతోంది, ఇంకెన్నాళ్ళు సర్దుకుంటుంది?"

మరియదాసు లేచాడు. "తాళాలు... తాళాలు ఎక్కడ పెట్టాను?" అంటూ గదంతా తిరిగాడు.

నాగలక్ష్మి మేకుకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి తీసి చేతికిచ్చింది. "ఇవిగో. ఇప్పుడెక్కడికండీ వెళ్తారు?"

"ఈ తాళాలు కాదమ్మాయ్!"

స్టూలెక్కి, అటక మీద డబ్బాలన్నీ తోసేసి, చీరముక్క మూట లాగాడు. కంచు నల్లబడిపోయింది. స్పీకరు ముందుకొచ్చి నించున్నాడు. లోపల ఊపిరి ఇంకా అలాగే ఉంది. ఇప్పుడా, ఇంకాసేపటికా అని ఎప్పటిలాగే తటపటాయించి, ఎప్పటిలాగే ఓ క్షణం ఆలస్యంగా తాళం వేశాడు.

శౌరమ్మ మూడో చరణం అందుకుంది.

ఆయన ఏడుస్తూ వేశాడు, చివరిదాకా. ఒక్క తాళమూ సరిగ్గా పడలేదు. ఆవిడ ప్రతిదానికీ సర్దుకుంది. బెన్నీ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. నాగలక్ష్మి గుమ్మానికి ఆనుకుని అలాగే వింటూ ఉండిపోయింది.

ఆ రోజు నించీ అదే వరస. తాళం పడందే ఆవిడ మూడో చరణం పాడదు. ఓ రోజు జ్వరం వచ్చి ఆయన ఆలస్యంగా లేస్తే, పోనీలే అని నాగలక్ష్మి వచ్చి మీట నొక్కింది. రెండు చరణాలు పాడి, శౌరమ్మ మధ్యాహ్నం దాకా ఊపిరి బిగబట్టి అలాగే ఉంది. ఇంక ఆయన మంచం మీద ఎలా పడుకుంటాడు!

కొన్నాళ్ళకి గన్నవరం ఆశ్రమం నించి ఫోనొచ్చింది. ఆయన అప్పుడే కాఫీ రెండు గ్లాసుల్లో పోస్తున్నాడు.

"మంచం ఖాళీ అయిందండీ మరియదాసు గారూ. ఎప్పుడొస్తారు?" అంది సిస్టరు.

"రాలేనండి సిస్టర్. క్షమించాలి. పొద్దున్నే తాళం వేసే పనుంది."

"అదేం పనండీ, ఇంటికి తాళం వేసుకునే కదా రావడం!"

"ఇంటికి కాదండి" అన్నాడు మరియదాసు. "మా ఆవిడకి."

ఫోన్ పెట్టేసి, ముందే ఖంగున మోగకుండా తాళాల్ని అరచేతుల్లో పట్టుకుని, ప్లేయరు మీట నొక్కాడు.