గీకేసిన కీర్తనలు

ఆ యేడు ఈస్టర్ ఎప్పుడో చెప్పడానికి రావలసిన మనిషి దారిలో మంచుకి చిక్కుకుపోయాడు. దాంతో సముద్రం ఒడ్డునున్న ఆ చిన్న మఠంలో ఇరవై ఇద్దరు సన్యాసులూ, పండగతో ముగియాల్సిన నలభై రోజుల ఉపవాసం పండగ వెళ్ళిపోయాక కూడా ఇంకో వారం చేశారు. గుడ్డు లేదు, పాలు లేవు, వెన్న లేదు. ఎండు చిక్కుడు గింజలు, బార్లీ రొట్టె, పాపాలు తలుచుకుని ఏడవడం. కొండవతలి మఠం వాళ్ళు మాత్రం శుభ్రంగా గుడ్లు తిని, పాటలు పాడుకుని, త్రేన్చి పడుకున్నారు. సంగతి తెలిశాక వీళ్ళ మొహాలు చూడాలి.

అందరికంటే తల కొట్టేసినట్టయింది టిల్మన్‌కి. ఆ మఠానికి పండితుడంటే ఆయనే. అక్కడున్న పదకొండు పుస్తకాలూ ఆయనకి కొట్టిన పిండి. సముద్రం ఎందుకు పొంగుతుందో, ఉరుము ఎక్కణ్ణుంచి పుడుతుందో అడిగితే పూటంతా చెప్పగలడు. కానీ ఈస్టర్ లెక్క వేరు. సూర్యుడి నడకా చంద్రుడి నడకా జోడించి, పంతొమ్మిదేళ్ళ పట్టికలు దగ్గర పెట్టుకుని కట్టాలి. ఆ పట్టికలు ఆ మఠంలో లేవు.

"ఇంత చదివావు గదన్నా, పండగెప్పుడో చెప్పలేవూ?" అన్నాడు దుద్దా.

దుద్దా పాలశాల చూసుకునే సన్యాసి. అక్షరమ్ముక్క రాదు, నోరు మాత్రం ఊరికే ఉండదు. ఎగతాళికన్నాడో ఆకలికన్నాడో గానీ ఆ మాట టిల్మన్‌ని ముల్లులా గుచ్చింది.

అందుకే మే నెలలో సముద్రం అవతలి గాల్ దేశపు ఓడ ఆ పట్టికల పుస్తకం తెచ్చినప్పుడు ఆయనే రేవుకి పరిగెత్తాడు. ఎనిమిదేళ్ళుగా ఉత్తరాలు రాసి రాసి అడిగిన పుస్తకం. అరవై ఆకులుంటాయి, సగం అంకెలే. ఇచ్చినవాళ్ళు పెట్టిన షరతు ఒకటే. జూన్ నెలాఖర్లో పేతురు పండగనాడు ఓడ వెనక్కి బయల్దేరేటప్పటికి పుస్తకం అందులో ఉండాలి. అంటే చేతిలో యాభై రోజులు. ఎత్తి రాసుకోవడానికి రోజులు సరిపోతాయి. పుస్తకం రాయాలంటే దూడ తోలు కావాలి, ఆ తోలే లేదు.

కిందటి శీతాకాలం పశువులకి తెగులొచ్చి దూడలన్నీ పోయాయి. తెగులు తగిలిన తోలు ముట్టుకోకూడదని గోతిలో వేసి కాల్చేశారు. మిగిలింది నాలుగంటే నాలుగావులు. కొండవతలి మఠాన్ని అడిగితే వాళ్ళ గతీ అంతే. ఇక చేసేది లేక టిల్మన్ పట్టికలు బట్టీ పట్టడానికి కూర్చున్నాడు. నాలుగో రోజుకి మొదటి రోజు అంకెలూ మూడో రోజు అంకెలూ కలిసి గంజయిపోయాయి.

ఆయన అవస్థ చూసి దుద్దా గుమ్మంలో ఆగాడు.

"పాటైతే నోట్లో నిలుస్తుంది గానీ అంకెలెక్కడ నిలుస్తాయన్నా? కీర్తనల పుస్తకం ఉందిగా, దాన్ని గీకేసి రాసుకో. కీర్తనలు ఎలాగూ మనందరికీ వచ్చు."

టిల్మన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ పుస్తకం హున్‌వాల్డ్ రాసింది. ఏడేళ్ళ వయసులో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని మఠానికొచ్చిన టిల్మన్‌కి కలం పట్టడం నేర్పిన గురువు ఆయన. పోయి తొమ్మిదేళ్ళయింది. సమాధి మీద పేరైనా లేదు. ఆ చేతిరాత తప్ప ఆ మనిషిది భూమ్మీద ఇంకేమీ మిగల్లేదు. టిల్మన్ రోజూ ఆ పుస్తకం తెరిచేది చదవడానికి కాదు, ఆయన్ని చూసుకోవడానికి.

వారం రోజులు దుద్దాతో మాట్లాడలేదు. రోజులు మాత్రం ఆగవు గదా. చివరికి మఠాధిపతి కెన్‌రెడ్ దగ్గరికి తనే వెళ్ళి సంగతి చెప్పాడు. ఆ పెద్దాయన వద్దంటే తన మనసు కుదుటపడుతుందని లోపల ఆశ.

కెన్‌రెడ్ వద్దనలేదు, సరేననీ అనలేదు. రేపు తెల్లవారింది మొదలు నూట యాభై కీర్తనలూ పుస్తకం తెరవకుండా పాడదామన్నాడు. ఎక్కడైనా ఒక్క చరణం ఆగిపోతే పుస్తకం జోలికి వెళ్ళొద్దు. ఆగకపోతే గీకెయ్యి.

పొద్దున్నే అటు పదకొండు మందీ ఇటు పదకొండు మందీ ఎదురెదురుగా నిలబడి మొదలుపెట్టారు. ఒకవైపు వాళ్ళు ఒక చరణం పాడితే రెండోవైపు వాళ్ళు తర్వాతిది అందుకోవాలి. మధ్యాహ్నం దాటింది, ఎక్కడా తడబడలేదు. వాళ్ళ పుస్తకం లెక్కలో నూట పద్దెనిమిదోది అన్నిటికంటే పొడుగు. అందులో తన వైపు గొంతెత్తి నడిపించాల్సిన వంతు టిల్మన్‌దే. సగంలో ఆయనకి మాట తోచలేదు. రోజూ హున్‌వాల్డ్ అక్షరాలు చూస్తూ పాడిన మనిషి, చూడకుండా ఎప్పుడూ పాడలేదు. అందరూ ఆయన వైపు చూశారు. నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు, పుస్తకం దక్కుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకే సిగ్గేసింది.

అంతలో వెనక వరసలోంచి దుద్దా అందుకున్నాడు. ఆవుల్ని అదిలించే గొంతు అది, వినసొంపుగా ఏమీ లేదు. కానీ ఒక్క మాట పోలేదు. మిగతావాళ్ళు వెంటనే కలిశారు. సూర్యుడు వాలకముందే నూట యాభైయ్యోది కూడా అయింది.

"నేను ఆగిపోయాను తండ్రీ," అన్నాడు టిల్మన్.

"నువ్వాగావు. కీర్తన ఆగలేదు," అన్నాడు కెన్‌రెడ్.

మర్నాడు సిరా వదిలించడానికి దుద్దా తొట్టెడు పాలు తెచ్చి అందులో ఓట్స్ తవుడు కలిపాడు. ఉన్న నాలుగావుల పాలూ తొట్టెలోకే పోతే, ఆ వారం ఎవరికీ గుక్కెడు పాలు లేవు. అయినా ఎవరూ సణగలేదు. గీకడం మాత్రం ఇంకొకరి చేత చేయించనన్నాడు టిల్మన్. మొదటి ఆకు పాలలో నానబెట్టి, గరుకు రాయితో రుద్దాడు. సిరా ఓ పట్టాన వదల్లేదు. తడి ఆకు కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకునేసరికి, కీర్తన వరసల కింద ఇంకేవో వరసలు అడ్డంగా కనిపించాయి.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అంకెలు. ఏళ్ళు, చంద్రుడి తిథులు, నిలువు గడులు. చెయ్యి హున్‌వాల్డ్‌దే, కాకపోతే వయసులో ఉన్న చెయ్యి. ఈస్టర్ పట్టిక మొదలుపెట్టి ముప్ఫై వరసలు కట్టి ఆపేశాడు. ఆ తర్వాత తన లెక్కంతా తనే గీకేసి, దాని మీద కీర్తనలు రాశాడు. పట్టిక మొదటి వరసలో వేసిన యేడు చూశాడు. చదువు నేర్చుకోవడానికి పుస్తకం లేని ఏడేళ్ళ పిల్లాడొకడు మఠానికొచ్చిన యేడది. ఈ సంగతి ఆయన ఏనాడూ నోరెత్తి చెప్పలేదు.

టిల్మన్ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దుద్దాకి కంగారు పుట్టింది.

"ఏమైందన్నా? ఆపేద్దామా?"

"వద్దు. ఆయన ఆపింది చాలు. ఆ రాయి ఇలా ఇయ్యి."

పేతురు పండగకి రెండు రోజుల ముందే రాత పూర్తయింది. ఓడ తన పుస్తకం తను తీసుకుని వెళ్ళిపోయింది.

మరుసటేడు శీతాకాలం మళ్ళీ దారులు మూసేసింది. కబురు తెచ్చే మనిషి జాడ లేదు. టిల్మన్ పట్టికలు ముందేసుకుని తొమ్మిది సార్లు లెక్క కట్టి, ఏప్రిల్‌లో ఒక ఆదివారం చెప్పాడు. కెన్‌రెడ్ మరో మాట లేకుండా సరేనన్నాడు. దుద్దా ఆ నలభై రోజులూ కోళ్ళు పెట్టిన గుడ్లు గడ్డిలో దాచి, ఆ ఆదివారం పొద్దున డేగిశా నిండా ఉడకబెట్టాడు. అందరూ తిన్నారు. టిల్మన్ మాత్రం తినలేదు. లెక్క తప్పితే ఇరవై ఒక్కమంది చేత తను ఉపవాసం చెరిపించినట్టే గదా. గుడ్డు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

మిట్టమధ్యాహ్నం కొండ దిగి ఒక మనిషి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. ఈసారీ ఆలస్యమైపోయిందని గుమ్మంలోంచే క్షమాపణలు మొదలుపెట్టాడు.

"అవన్నీ తర్వాత నాయనా," అన్నాడు దుద్దా. "పండగెప్పుడో అది చెప్పు ముందు."

"ఇవాళేనండీ."

టిల్మన్ గుడ్డు బల్లకేసి కొట్టి పెంకు ఒలిచాడు. అప్పటికది చల్లారిపోయింది. ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తిన్నాడు.