సైటులో ఉన్న నంబరు

క్రెయిగీబర్న్ స్టేషన్ ముందు బస్సు ఆపి శేషాచలం అద్దంలో చూశాడు. చివరి సీట్లో కునుకు తీస్తున్న ఆస్పత్రి నర్సును మైకులో మెల్లగా పిలిచి లేపాడు. యూనిఫాం గుండీలు పొట్ట మీద బిగుసుకుపోతాయి, బ్రేకు నొక్కినప్పుడల్లా కుడి మోకాలు కలుక్కుమంటుంది. అయినా ఆయన బస్సు కుదుపు లేకుండా ఆగుతుంది. అదొక గర్వం ఆయనకు.

అందరూ దిగాక ఫ్లాస్కులోంచి టీ పోసుకుని ఫోన్ చూశాడు. ఎదురుచూస్తున్న ఈమెయిల్ వచ్చేసింది.

వెన్నెల తెలుగు సమితి పుట్టిన రోజున పెద్దలంతా పులిహోరా, బిర్యానీయా అని తగువులాడుకుంటుంటే వెబ్‌సైటు పేరు రిజిస్టరు చేయించడం ఎవరికీ పట్టలేదు. మూల కుర్చీలు సర్దుతున్న శేషాచలం తన పేరు మీదే చేయించేశాడు. అందులో ఒక పేజీ పెట్టాడు: ఈ పరాయి దేశంలో మనవాళ్లెవరైనా చనిపోతే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. కింద తన నంబరు. ఆ నంబరుకు ఫోన్ వస్తే ఆయన ముందు అడిగే మాట, "ఏమన్నా తిన్నావా నాయనా?" అని. తర్వాత ఆస్పత్రికి వెళ్లి, శవపేటిక విమానం ఎక్కేదాకా ఆ ఇంటివాళ్ల పక్కనే ఉండేవాడు. సభల్లో ఆయన్ని స్టేజీ ఎక్కించిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

మొన్న ఉగాదికి ముఖ్య అతిథికి శాలువా ఎవరు కప్పాలన్న రగడలో సమితి రెండుగా చీలింది. సైటు పేరు మాదంటే మాదని అధ్యక్షుడు జనార్దనరావు ఒక ఫిర్యాదు, అవతలి వర్గం విజయభాస్కర్ ఇంకొకటి పడేశారు. తీర్పు వచ్చేదాకా ఆ పేరు చేతులు మారకుండా, వెబ్‌సైటు పేర్లు చూసే రిజిస్ట్రీ నియమాల ప్రకారం తాళం పడింది. ఎవరు గెలిచినా ముందు ఎగిరిపోయేది ఆ పేజీయే. సైటు తెరవగానే చావు కబుర్లేమిటి, అపశకునం కాదూ? ఆ ఒక్క విషయంలో రెండు వర్గాలదీ ఒకే మాట.

ఈమెయిల్లో వచ్చింది ఆ తీర్పే. రెండు ఫిర్యాదులూ కొట్టేశారు. ఇన్నేళ్లుగా ఆ పేరును నిజాయితీగా, జనం కోసం వాడుతున్నది ఈయనే గనక అది ఈయన దగ్గరే ఉంటుందట. శేషాచలం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. సంతోషంతో పొంగిపోయాడు. టీ చల్లారిపోయిన సంగతే గమనించలేదు.

డిపోలో బస్సు అప్పగిస్తుండగా జనార్దనరావు ఫోన్ చేశాడు.

"శేషాచలంగారూ, ఇది మన ప్రెస్టీజ్ మేటరండీ. మీరే ట్రాన్స్‌ఫర్ చేసెయ్యండి. లైఫ్ మెంబర్‌షిప్ ఇచ్చేస్తాం."

"ఎవరన్నా పోయారని ఫోనొస్తే ఎవరెత్తుతారండీ?"

"దానికో కమిటీ వేద్దాం."

"అయితే ఇవ్వనండి," అన్నాడు శేషాచలం. పెద్దవాళ్లకు కాదని చెప్పడం ఆయనకిదే మొదటిసారి. విజయభాస్కర్‌కూ అదే మాట చెప్పి, హాయిగా ఇల్లు చేరాడు.

"ఏంటండీ, మొహం అంతలా వెలిగిపోతోంది?" అంది మంగతాయారు.

చెప్పాడు. భర్త అంత గట్టిగా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "ఇవాళ సేమ్యా పాయసం చేస్తానుండండి," అంది. ఆయన ఫోన్ వంటగదిలో ఛార్జింగ్‌కు పెట్టి, సోఫాలో నడుం వాల్చాడు. పాయసం గిన్నెకు మూత పెట్టి వచ్చి పిలిస్తే లేవలేదు. తట్టినా లేవలేదు. అంబులెన్సు వాళ్లు వచ్చి చూసి, నిద్రలోనే పోయారన్నారు.

కబురు తెలిసి జనార్దనరావు కంగారుపడిపోయాడు. ఇప్పుడేం చెయ్యాలి? అలవాటుగా సైటు తెరిచి, ఆ పేజీలో ఉన్న నంబరు నొక్కేశాడు.

మంగతాయారు వంటగదిలో ఫోన్ మోగింది. చెంగుతో కళ్లు తుడుచుకుని, తెర మీద జనార్దనరావు పేరు చూసి ఎత్తింది. ఎవరి నంబరుకు చేశాడో అప్పుడు తట్టింది జనార్దనరావుకు.

"చెప్పండి అన్నయ్యగారూ. ఈ నంబరు ఇక నేనెత్తుతాను," అంది మంగతాయారు. "ఆ పేజీ మాత్రం తియ్యనివ్వను."

అవతల ఆయన ఏడుస్తున్నాడు. ఆయన తేరుకునేదాకా ఉండి, ఏమన్నా తిన్నారా అని అడిగింది. తర్వాత ఫోన్ మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టి, మోగితే చేతికందేలా, మూత తియ్యని పాయసం గిన్నె పక్కన ఉంచింది.