తిని తవ్విన రాళ్లు

నోలీన్ పొద్దున్నే టీ తాగదు. లేవగానే ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించి, మొగుడు కెల్విన్‌కి మధ్యాహ్నం తిండి డబ్బా కట్టి, అతని పాత ట్రక్కు ఎర్రదుమ్ము లేపుకుంటూ రాళ్లు తవ్వే గొయ్యివైపు వెళ్లేదాకా గుమ్మంలో నిలబడుతుంది. ఆ తర్వాత రేకుల షెడ్డులో తన కొట్టు తెరుస్తుంది. మధ్యాహ్నందాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. రాళ్లు కొనేవాళ్ల నోరు శుభ్రంగా ఉండాలి.

నీలాల గనులున్న ఆ రూబీవేల్ ఊళ్లో ఎవరికి నీలం రాయి దొరికినా ముందు నాలుకమీదే పెట్టుకుంటారు. తడిస్తేగానీ రంగు బయటపడదు. రంగుతోపాటు రుచీ తెలుస్తుంది. రాయి బయటపడిన వేళకి తవ్వినవాళ్ల కడుపులో ఏముంటే అదే దాని రుచి. గుడ్లు తిని తవ్వితే గుడ్లు, బంగాళాదుంపలు తిని తవ్వితే బంగాళాదుంపలు. సానపట్టి ఉంగరంలో పొదిగినా ఆ రుచి పోదు. ఖాళీ కడుపుతో తవ్వింది మాత్రం ఉత్త రాయిలా ఉంటుంది. అలాంటిదాన్ని కాసేపు నోట్లో ఉంచుకుంటే ఆ పూట ఎంత తిన్నా తిన్నట్టుండదు.

సముద్రాల అవతలినుంచి పొట్లాలుగా వచ్చే చవక రాళ్లు చాలావరకు ఆ బాపతే. నోలీన్ వాటిని గడప తొక్కనివ్వదు. 'తిని తవ్విన రాళ్లు మాత్రమే కొంటాం, అమ్ముతాం' అని కొట్టుమీద పెద్ద అక్షరాలతో బోర్డు రాయించింది. చలికాలం కారవాన్ బండ్లలో విహారానికి వచ్చేవాళ్లు రాయిని నోట్లో పెట్టుకోవడానికి మొహమాటపడతారు. నోలీన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఉల్లిపాయ వేసిన సాసేజి, వెన్న రాసిన రొట్టె. నిశ్చింతగా వేలికి పెట్టుకోండి" అంటే నమ్మి కొనుక్కుంటారు. ఆ మాట మీదే ఆమె కొట్టు నడుస్తోంది.

మనిషి నికార్సు. ఒక్కటే జబ్బు, అసూయ. కూతురు రాక్‌హాంప్టన్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజూ ఫోన్ చేసి "ఏం తిన్నావే?" అని అడగందే నోలీన్‌కి నిద్ర పట్టదు. ఒకసారి ఆ పిల్ల "ఇక్కడి వంటావిడ పుడ్డింగు భలే చేస్తుందమ్మా" అంది. అంతే, ఆ వంటావిడ మొహమైనా చూడకుండానే నోలీన్ ఆమెమీద కక్ష పెంచుకుంది.

అలాంటి నోలీన్ దగ్గరికి ఆగస్టులో, అక్కడ చలికాలం నడుమ, ఒక గురువారం ట్రూడీ వచ్చింది.

ట్రూడీ గొయ్యి కెల్విన్ గొయ్యి పక్కనే. కిందటి వేసవిలో మొగుడు పోయాక ఒక్కతే దిగి తవ్వుకుంటోంది. చలి మొదలవకముందు రెండుసార్లు రాళ్లు తెచ్చింది. రెండుసార్లూ ఉత్త రాళ్లే. "ఏమీ అనుకోకు ట్రూడీ, నా బోర్డు అందరికీ ఒకటే" అని నోలీన్ మర్యాదగానే తిప్పి పంపింది. ఇన్నాళ్లకు ఇదిగో, మళ్లీ వచ్చింది. బుగ్గలు కాస్త తేరుకున్నాయి. జుట్టు కూడా దువ్వుకుంది.

గుడ్డ విప్పి చూపించింది. బఠాణీ గింజకంటే పెద్దది. ఒకవైపు సాయంకాలపు నీలం, ఒకవైపు తేనె పసుపు.

"ఇదైనా కొంటావా?" అంది ట్రూడీ. "ఇదీ పోకపోతే ఇంక మకే ఊరికి వెళ్లిపోవడమే. మా చెల్లెలు రమ్మంటోంది. సామాను సగం సర్దేశా."

రాక్‌హాంప్టన్‌నుంచి ఒక నర్సు, టేగన్ అనే అమ్మాయి, పెళ్లి ఉంగరానికి సరిగ్గా ఇలాంటి రెండు రంగుల రాయే కావాలని అడిగి ఉంది. శనివారం వస్తానంది. నోలీన్ సంబరంగా రాయిని నాలుక కింద పెట్టుకుంది.

గొర్రె కీమా. మిరియాలు. ఆవపిండి. దాని వెనక పుల్లగా, లవంగం ఘాటుతో, పచ్చి టమాటా పచ్చడి.

ఆ పచ్చడి ఆ ఊళ్లో ఇంకెవరికీ రాదు. నోలీన్ వాళ్లమ్మ నేర్పింది, నోలీన్ ఎవరికీ నేర్పలేదు. కీమాలో అది కలిపి కజ్జికాయలా మడిచి కాల్చిన పేస్టీని రోజూ ఒక్క కెల్విన్ డబ్బాలోనే పెడుతుంది.

"ఏమైంది? మళ్లీ ఉత్తదేనా?" అని అడిగింది ట్రూడీ.

నోలీన్ రాయిని తీసి తుడిచింది. "ఇక్కడ పెట్టి వెళ్లు. శనివారం చెప్తా."

ట్రూడీ వెళ్తుంటే వెనకనుంచి చూసింది. నడుము సన్నగా ఉంది. చేతులు మొరటుగా ఉన్నాయి, కానీ అటువంటి చేతులంటే ఇష్టపడే మగవాళ్లుంటారు.

ఆ సాయంత్రం కెల్విన్ రెండు పళ్లేలు ఖాళీ చేశాడు. చలికాలం మొదలైనప్పటినుంచీ రాత్రిళ్లు అలాగే తింటున్నాడు. తన వంట మీద మోజనుకుని ఇన్నాళ్లూ మురిసిపోయింది.

"మధ్యాహ్నం పేస్టీ ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"పచ్చడి?"

"ఘాటుగా ఉంది. అలాగే ఉండాలిగా?" తల ఎత్తకుండా అన్నాడు.

శుక్రవారం నోలీన్ కీమా ముట్టుకోలేదు. బీట్‌రూట్ ఉడకబెట్టి పేస్టీ నిండా కూరింది. బీట్‌రూట్ అంటే కెల్విన్‌కి చచ్చేంత అసహ్యం. పళ్లెంలో ఎర్రరంగు కనిపిస్తే చాలు, లేచి వెళ్లిపోతాడు.

ఆ పగలు పక్కింటి ముసలి లెస్ కొట్టు ముందు బెంచీమీద కూర్చుని పేపరు తిరగేస్తూ, "ఈ ఊరి గాలి ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది పిల్లా" అన్నాడు. "ట్రూడీ ఒళ్లు చేస్తోంది. మీ ఆయన ప్యాంటుకి తాడు కట్టుకుని తిరుగుతున్నాడు."

"బెల్టు తెగింది."

"బెల్టు తెగలేదు. బెల్టుకి బెజ్జాలు చాల్లేదు. మా అన్నకీ ఇలాగే అయింది, ఆ బేకరీ పిల్ల వెనకపడ్డప్పుడు. సగం మనిషయ్యాడు."

"నీ పేపరు నువ్వు చదువుకో లెస్."

"చదవడానికి ఇందులో ఏముంది, అన్నీ పరాయి ఊళ్ల కబుర్లే" అన్నాడు లెస్.

సాయంత్రం కెల్విన్ వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. ఖాళీ డబ్బా తొట్టిలో పెట్టాడు.

"ఎలా ఉంది ఇవాళ?"

"బ్రహ్మాండం. ఎప్పట్లాగే."

నోలీన్‌కి చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకరి డబ్బా ఒకరు మార్చుకుని తింటున్న దృశ్యం కళ్లముందు కట్టింది. తన వంట దానికి పెట్టి, దాని వంట వీడు తింటున్నాడు! అదేం వండిపెడుతోందో తెలుసుకోవాలి. బల్లమీద కెల్విన్ ఆ రోజు తెచ్చిన రాళ్లున్నాయి. అతని రాళ్లను ఆమె ఎన్నడూ రుచి చూసేది కాదు. డబ్బా కట్టేది తనే అయినప్పుడు చూడటానికేముంది? తిన్నగా గాజుసీసాలో పోసేసేది. ఇప్పుడు గుప్పెట్లో దొరికిన పెద్ద రాయి తీసి నోట్లో వేసుకుంది.

ఏమీ లేదు.

ఇంకొకటి వేసుకుంది. ఎక్కడో అడుగున పొద్దుటి టీ, ఆ వెనక ఉత్త రాయి. సీసా బోర్లించింది. పైనున్నవన్నీ అంతే. చలికాలానికి ముందు తవ్వినవి, సీసా అడుగువి, నోట్లో పెట్టుకున్నప్పుడుగానీ కీమా తగల్లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వేం తింటున్నావ్ కెల్?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"రాత్రి బాగానే తింటున్నాగా నోలీ."

"మధ్యాహ్నం?"

"గొయ్యిలో పక్కనుంచి గునపం చప్పుడు వినిపిస్తుంది. ఆవిడది. రోజూ పన్నెండయ్యేసరికి ఆగిపోయేది. అన్నానికి ఆగుతోందనుకున్నా. ఒకరోజు ఎంతకీ మళ్లీ మొదలవలేదు. వెళ్లి చూస్తే కింద ఆకలికి సొమ్మసిల్లి పడి ఉంది. నువ్వు రెండోసారి తిప్పి పంపిన వారం."

"పక్కన కూర్చుని తినిపిస్తున్నావా?"

"ఏంటి నోలీ..."

"అడిగినదానికి చెప్పు."

"బకెట్లో పెట్టి గిలకమీద కిందికి దించుతా. ఖాళీ డబ్బా పైకొస్తుంది. ముఖం కూడా సరిగ్గా చూడను."

"కింద్నుంచి ఏమంటుంది?"

"థాంక్స్ అంటుంది."

"అంతేనా?"

కెల్విన్ కాసేపు ఆలోచించాడు. అబద్ధం ఆడటం అతనికి ఎంత రాదో ఆ రోజే తెలిసింది. "ఒక్కోసారి బాగుందంటుంది."

ఆ మాట బీట్‌రూట్ కంటే, ఉత్త రాళ్ల కంటే లోతుగా గుచ్చుకుంది. ఇన్నేళ్లలో కెల్విన్ అడక్కుండా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంకో డబ్బా కట్టి ఉండేదానివి, నాకు తెలుసు. కానీ ఆవిడ రాయి కొనేదానివా? మనం పెట్టింది తిని తవ్వితే అది తిని తవ్విన రాయి అవుతుందా, అవదా అని నెల్లాళ్లు ఆలోచించేదానివి. ఈలోగా ఆవిడ మకే వెళ్లిపోయేది."

నిజానికి నోలీన్ అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టింది.

శనివారం టేగన్ వచ్చింది. సన్నటి పిల్ల, రాత్రి డ్యూటీ దిగి అలాగే కారు తోలుకొచ్చింది. రాయిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఇదే. నేననుకున్నది ఇదే" అంది. తర్వాత బోర్డువైపు చూపించి అడిగింది. "దీనికి మీరు మాటిస్తారా?"

ఇవ్వనంటే చాలు. అబద్ధం కూడా కాదు. దొంగచాటుగా పెట్టిన తిండి, నాలుక పరీక్ష గట్టెక్కడానికి తిన్న తిండి. ఏ తూకంలో వేసినా ఇవ్వననడమే న్యాయం. ఇవ్వనంటే ట్రూడీ మిగతా సగం సామానూ సర్దుకుంటుంది. 'బాగుంది' అనే గొంతు ఇంకెప్పుడూ ఆ గొయ్యిలోంచి వినిపించదు. న్యాయమూ అసూయా ఒకే మాట చెప్పడం నోలీన్ జీవితంలో అదే మొదటిసారి. అందుకే ఆమెకు భయం వేసింది.

ఆలోచన తేలక, ఊరికే, రాయిని మళ్లీ నోట్లో పెట్టుకుంది.

ఈసారి కోపం లేదు కాబట్టి నెమ్మదిగా తెలిసింది. కీమా, మిరియాలు, పచ్చడి. ఆ తర్వాత కాస్త చేదుగా, గరుకుగా ఇంకేదో. పేస్టీ అంచు. పొయ్యిలో కాస్త మాడే ఆ దళసరి అంచుని కెల్విన్ ఎప్పుడూ కుక్కకి విసిరేసేవాడు. ఎవరైనా విసిరేసేదే. ఇది తిన్న మనిషి మాడిన అంచు కూడా వదల్లేదు. నోలీన్ వంటని అంత పూర్తిగా ఈ లోకంలో ఎవరూ తినలేదు.

రాయిని తీసి తుడిచి టేగన్ చేతిలో పెట్టింది.

"తవ్విన మనిషి దగ్గర తిండి లేదు" అంది. "ఆకలితో తవ్వినవి తెస్తే రెండుసార్లు నేనే వెనక్కి పంపా. దాంతో ఇంకా ఆకలి పెరిగింది. మా ఆయన తన డబ్బా ఆమెకు దించి తను పస్తులున్నాడు. ఆ సీసాలోవి ఆయన తవ్వినవి, అవి అమ్మకానికి లేవు. ఈ చలికాలంలో ఆయనవి కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాలి. ఇదీ సంగతి. మాటివ్వాలో వద్దో నాకు తెలీదు. నువ్వే చూసుకో."

"నేను నర్సునండీ" అంది టేగన్. "తిన్నారా అని అడిగితే తిన్నామనే అంటారందరూ. అడిగి వదిలేస్తాం." మొహమాటపడకుండా రాయిని నోట్లో వేసుకుంది. దవడ కదిపింది. కళ్లు పెద్దవి చేసింది. "లవంగమా?"

"లవంగమే. పచ్చి టమాటా పచ్చడిలోది."

"ఎవరు చేశారు?"

"నేనే" అంది నోలీన్. గొంతులో గర్వం దాచుకుందామనుకుంది, కుదరలేదు.

టేగన్ రాయి కొనుక్కుంది.

సోమవారం నోలీన్ కొట్టు తెరవలేదు. రెండు డబ్బాలు కట్టి కెల్విన్ ట్రక్కులో తనూ ఎక్కింది. ఒక డబ్బా అతని ఒళ్లో పడేసి, "నీ గొయ్యికి నువ్వు పో. పక్క గొయ్యి సంగతి నేను చూసుకుంటా. ఇకమీదట గిలక దగ్గర నువ్వు కనిపించావో, చూడు" అంది. గోతుల దగ్గర ట్రక్కు ఆగగానే కెల్విన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు.

పన్నెండయింది. కింద గునపం చప్పుడు ఆగింది. నోలీన్ బకెట్టు దించింది.

"కెల్విన్?" కింద్నుంచి గొంతు.

"నోలీన్‌ని."

మూత తీసిన శబ్దం, ఆ వెనక నమిలిన చప్పుడు.

"శుక్రవారం బీట్‌రూట్ పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఉప్పు చాల్లేదు."

"ఏంటీ?"

"ఉప్పు చాల్లేదంటున్నా! ఇవాళ సరిపోయింది."

నోలీన్ గొయ్యి అంచున నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తన వంటకి వంకపెట్టిన మనిషి ఇంతవరకు ఆ గనుల్లో లేదు. "ఉండు, నేనే దిగొస్తున్నా. ఎలా తింటావో చూస్తా" అంది. రాళ్ల మధ్యనే బతుకుతూ కూడా ఆమె ఎన్నడూ గొయ్యి దిగింది లేదు. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ కాలితో వెతుక్కుంటూ, ట్రూడీని తిట్టుకుంటూ, కెల్విన్‌ని తిట్టుకుంటూ దిగింది.

అడుగున చల్లగా ఉంది. ట్రూడీ హెల్మెట్ దీపం గులకరాళ్ల గోడమీద పసుపుగా వాలి ఉంది. ఆమె బోర్లించిన పాత పెయింట్ డబ్బామీద కూర్చుని తింటోంది. ఒక అరచేయి గడ్డం కింద దోసిలిలా పట్టుకుంది, పొడి కింద పడకుండా. నోలీన్ ఎదురుగా చతికిలబడి కన్నార్పకుండా చూసింది. చూస్తుంటే పొద్దుటినుంచీ తను ఏమీ తినలేదని గుర్తొచ్చింది.

ట్రూడీ మిగిలిన పేస్టీని మధ్యకి విరిచింది. అంచు ఎక్కువున్న ముక్క తను ఉంచుకుని, రెండోది చాచింది. నోలీన్ అంచువైపు వేలు చూపించింది.

"అది ఇటివ్వు."

"ఇవ్వను" అంది ట్రూడీ. "నాకదే ఇష్టం."

కీమా ఎక్కువున్న ముక్కే నోలీన్ తింది. ఆకలి మీద ఉందేమో, తను చేసిందే అయినా కొత్తగా అనిపించింది. చేతులు దులుపుకుని నిచ్చెనవైపు లేవబోయింది.

ట్రూడీ గోడకి ఆనించిన గునపం తీసి ఆమె ముందు పెట్టింది.

"ఎక్కడికి? తిన్నావుగా. తవ్వు."