ఊరికే ఇచ్చిన మాస్కులు

పొద్దున్నే కత్తెరమ్మ కుట్టుమిషనుకి నూనె వేసి, టేపు మెడలో వేసుకుని కూర్చుంది. కుట్టడానికి మాత్రం ఏమీ లేదు. జబ్బు సద్దుమణిగి దుకాణాలు తెరిచినా, కొత్త బట్టలు కుట్టించుకునే స్తోమత వీధిలో ఎవరికుంది? మూతబడ్డ దుకాణాలకి మూడు నెలల అద్దె సర్కారే ఇస్తుందన్నారు. అది రాకపోతే నెలాఖరుకి ఆమె దుకాణం ఖాళీ చెయ్యాలి.

పన్నులాఫీసుకి వెళ్తే ఆ అద్దె అర్జీ తిరగ్గొట్టారు. మూసిన నెలల్లో రెండు వేల మాస్కులు కుట్టింది కాబట్టి దుకాణం మూసినట్టు కాదట. పైగా వాటిమీద పన్ను కట్టాలట.

"గుడ్డపీలికలతో కుట్టి ఊరికే పంచాను బాబూ."

"ఊరికే ఎవరిస్తారమ్మా? రసీదులు చూపించు," అన్నాడు గుమాస్తా టీ చప్పరిస్తూ.

ఊరికే ఇచ్చినదానికి రసీదేమిటని అడిగితే, రసీదు లేకపోతే అమ్మకం దాచినట్టేనన్నాడు. అతని వెనక గోడమీద పెద్ద ఫ్యాక్టరీలకి పన్ను మాఫీ చేసిన కాగితం మెరుస్తోంది. కత్తెరమ్మకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళది నష్టం, నాది నాటకమా?

టీ కోసం అతను తీసి బల్లమీద పెట్టిన మాస్కు కంటబడింది. తాడు దగ్గర అడ్డంగా మూడు కుట్లు. తన చేతిపనే.

ఆమె కుట్టిన మాస్కు వెనక ఏం మాట్లాడినా ఆ మాట గుడ్డలోనే ఉండిపోతుంది, నీళ్ళలో పడితే బయటికొస్తుంది. ఊరందరికీ తెలిసిందే. అందుకే అత్తాకోడళ్ళు వేరువేరు బకెట్లు పెట్టుకున్నారు. గుమాస్తా ఇంట్లో బట్టలుతికేది పెళ్ళాం, అతనికా ధ్యాస లేదు.

కత్తెరమ్మ ఆ మాస్కు తీసి అతని మంచినీళ్ళ గ్లాసులో ముంచి పిండింది.

"ఏమే," అంది గ్లాసు, గుమాస్తా పెళ్ళాంతో ఫోన్లో మాట్లాడిన గొంతుతో, "మనకి మాస్కులిచ్చినావిడ అర్జీ కూడా వచ్చింది. పైసా పుచ్చుకోలేదని నాకూ తెలుసు. కానీ ఈ నెల పాతిక అర్జీలు తిరగ్గొడితే పై సీటు నాదే."

వరుసలో నిలబడ్డ మంగలి, టీకొట్టతను, చెప్పులు కుట్టే ముసలాయన ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పక్కగదిలోంచి పెద్దాఫీసరమ్మ వచ్చింది. గ్లాసుని ఇంకోసారి చెప్పమంది, విన్నది, ఫైల్లో సాక్ష్యం దగ్గర "మాస్కు ఒకటి, తడిది" అని రాసి, గుమాస్తా చేత అక్కడే మంజూరు ముద్ర వేయించింది.

"ఇక వెళ్ళమ్మా, నీ పనైపోయింది," అన్నాడతను గొణుగుతూ.

కత్తెరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మిగతా ఇరవై నాలుగూ బయటికి తియ్యి."